లేచి మాటలాడినంత మాత్రమున: తలలోపలి రక్తస్రావముల చరిత్ర



నేను వైద్యుడను కాను. 1984వ సంవత్సరము మొదలుకొని ముప్పదియారు సంవత్సరములు పల్లెటూరి పాఠశాలలలో తెలుగు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న పండితుడను. బాల్యమున శబ్దమంజరియు అమరకోశమును వల్లెవేసి, తరువాత పంచకావ్యములు చదివినవానికి పుర్రెలోపలి నెత్తురుతో నేమి పని యని మీరడుగవచ్చును. ఆ పని నాకెట్లు కలిగినదో ముందు మనవి చేసికొని, పిమ్మట చరిత్రలోనికి పోయెదను.

నేను ఉద్యోగమున ప్రవేశించిన మరుసటి సంవత్సరము ఫాల్గుణమాసమున, మా బడి ఆవరణలోని చింతచెట్టునెక్కి కాయలు దులుపుచున్న తొమ్మిదవ తరగతి బాలుడొకడు కొమ్మ విరిగి క్రిందపడెను. చెవికి కొంచెము పైగా, కణతమీద దెబ్బ తగిలినది. రెండు మూడు నిమిషములు స్పృహ లేదు. మేము నీళ్ళు చల్లగా కన్నులు తెరచెను. పేరడిగిన చెప్పెను. నన్ను గుర్తుపట్టెను. "ఏమీ కాలేదు మాష్టారూ, మా అమ్మతో చెప్పకండి" అని బ్రతిమాలెను. నెత్తురు చుక్కయైనను కారలేదు. నేనే వానిని ఇంటికి నడిపించుకొనిపోయి, వాని తల్లితో "భయము లేదమ్మా, కాసేపు పడుకోబెట్టు" అంటిని. దీపాలవేళకు వాడు తలనొప్పి యనెను. ఒకసారి వాంతి చేసికొనెను. ఆపైన గాఢముగా నిద్రించి గుర్రుపెట్టసాగెను. అలసి నిద్రించుచున్నాడని అందరును అనుకొనిరి. తెల్లవారుజామున ఆ గుర్రు ఆగిపోయినది.

ఆ తల్లి నన్నొక్క మాటయు అనలేదు. "పంతులుగారు చూచి చెప్పినారు గదా" అని మాత్రము వచ్చినవారితో చెప్పుకొన్నది. ఆ మాట నాకు నిందకన్న బరువైనది. ఆ బిడ్డకు ఏమి జరిగినదో తెలిసికొనవలెనని పట్టణమునకు పోయినపుడెల్ల వైద్యులను అడిగితిని. దొరికిన పుస్తకములు చదివితిని. చదువగా తేలినదేమనగా, ఈ సంగతి వైద్యలోకమునకు క్రొత్తది కాదు. రెండువందల యేబది సంవత్సరములకు పూర్వమే పెద్ద శస్త్రవైద్యులు దీనిని గ్రంథములలో వ్రాసిపెట్టినారు. తెలియనివాడను నేను. అందుచేతనే నేడు మీ ముందర ఈ చరిత్ర చెప్పుచున్నాను. ఊరిలో ఎవరికేమైనను మొదట మీ మాటయే అడుగుదురు గనుక, ఇది మీకు తెలియవలసినది.

మొదట తల నిర్మాణము చూతము. కొబ్బరికాయను తలచుకొనుడు. చిప్పవంటిది పుర్రె. లోపలి కొబ్బరివంటిది మెదడు. ఈ రెంటికిని నడుమ మూడు పొరలు కలవు. పుర్రెకు అంటుకొనియున్న పై పొరకు మన శాస్త్రపాఠములలో వరాశిక యని పేరు పెట్టినారు. అమరకోశము చదివినవారికి వరాశి యనగా ముతకబట్ట యని తెలియును. ఆ పొర అట్లే దళసరిగా నుండును. దాని క్రిందిది లౌతికళ. లూత యనగా సాలెపురుగు. సాలెగూటివలె సన్నని పొర యని భావము. మెదడును అంటి పట్టుకొనియున్న మూడవ పొర మృద్వి. అది పేరునకు తగినట్లు మెత్తనిది. లౌతికళకును మృద్వికిని నడుమ నీటివంటి ద్రవము నిత్యము కదలుచుండును.

ఇందులో మరచిపోరాని సంగతి యొకటి కలదు. పెద్దవారి పుర్రె సాగదు. కడుపులో నీరు చేరిన కడుపు ఉబ్బును. కాలు వాచిన చర్మము సాగును. పుర్రె అట్లు కాదు. స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమునందలి అలెగ్జాండర్ మన్రో 1783లోను, ఆయన శిష్యుడైన జార్జి కెల్లీ 1824లోను ఈ సంగతిని సిద్ధాంతముగా చెప్పిరి. మూసిన పెట్టెలోనికి క్రొత్తగా ఏది వచ్చినను, లోపలనున్నది ఏదో ఒకటి తొలగవలసినదే. నాలుగు చెంచాల నెత్తురు చేరునప్పుడు కొంత ద్రవము తొలగి చోటిచ్చును. చోటు చాలకపోయిన నాడు మెదడే నలుగును. అందువలననే మొదట క్షేమముగా కనబడినవాడు కొన్ని గంటలకు కూలిపోవుట.

నెత్తురు చేరు చోట్లు ముఖ్యముగా నాలుగు. వరాశికకు పైన, వరాశికకు క్రింద, లౌతికళకు క్రింద, మెదడు కండలోపల. చోటునుబట్టి కారణము వేరు, నడక వేరు, చికిత్స వేరు. ఈ భేదము తెలియుటకు మానవజాతికి మూడువేల సంవత్సరములకు పైగా పట్టినది.

తలదెబ్బలను గూర్చి మనకు దొరికిన మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలో ఒకటి ఐగుప్తు దేశపు తాటాకువంటి రెల్లుకాగితపు చుట్ట. దానిని 1862లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికా దేశస్థుడు కొన్నాడు. అతని పేరనే అది ప్రసిద్ధమైనది. క్రీస్తునకు పూర్వము సుమారు 1600 ప్రాంతమున వ్రాసిన ప్రతి యది. అందు 48 మంది గాయపడినవారి వృత్తాంతములు కలవు. అవి తలతోనే ఆరంభమగును. ప్రతి గాయమునకును చివర తీర్పు చెప్పుదురు: దీనికి చికిత్స చేయుదును, దీనితో పోరాడి చూతును, దీనికి చికిత్స లేదు అని మూడు విధములు. గ్రీకుల హిపోక్రటీసు పేరుతో తలగాయములపై ప్రత్యేక గ్రంథమే యున్నది. తలకు ఎడమవైపు దెబ్బ తగిలిన కుడివైపు దేహమునకు ఈడ్పులు వచ్చునని అందు గమనించినారు. పుర్రెకు రంధ్రము చేయు విధానము కూడ అందు చెప్పబడినది. పుర్రెకు రంధ్రము చేయుట అంతకన్నను ప్రాచీనము. మన కాశ్మీరమున బూర్జహోమ్ అనుచోట దొరికిన నవీన శిలాయుగపు పుర్రెలో సైతము అట్టి రంధ్రములు కనబడినవి.

మన సుశ్రుతుని మాట చెప్పక ముందునకు పోరాదు. సుశ్రుతసంహితలో మర్మములు నూట యేడు. వానిలో దెబ్బతగిలిన వెంటనే ప్రాణము తీయునవి పందొమ్మిది. ఆ పందొమ్మిదిలో శంఖములు రెండు చేరియున్నవి. శంఖ మనగా చెవికిని నుదుటికిని నడుమనుండు కణత. అచ్చటనే ఎముక మిక్కిలి పలుచన. ఆ ఎముక లోపలి వైపుననే వరాశికకు నెత్తురు పోయు ధమని గాడి చేసికొని సాగుచున్నది. సుశ్రుతునకు ఆ ధమని సంగతి తెలియునని నేను చెప్పను. ఆయన ఆ కారణము వ్రాయలేదు. కాని కణతమీది దెబ్బ కడు ప్రమాదమను అనుభవము మన పూర్వులకు కలదు. నేను ఆ శ్లోకములను వల్లించినవాడను. చింతచెట్టు క్రింద మాత్రము అవి నాకు జ్ఞప్తికి రాలేదు. చదివిన చదువు వేళకు అక్కరకు రాకపోవుట యనగా ఇదియే.

ఇక నాలుగు చోట్లను వరుసగా చూతము. మొదటిది వరాశికకు పైన చేరు నెత్తురు. మా బడి బాలునకు జరిగినది ఇదియేయని, నేను చెప్పిన లక్షణములను విన్న వైద్యులు అనిరి. కణత ఎముక పగిలి, దానిక్రింది ధమని తెగును. ధమనిలోని నెత్తురు ఒత్తిడితో వచ్చునది గనుక వరాశికను పుర్రెనుండి కొంచెము కొంచెముగా ఊడదీయుచు పోవును. దెబ్బ అదటుకు తప్పిన స్పృహ మరల వచ్చును. మనిషి లేచి కూర్చుండును, మాటలాడును, నవ్వును. ఈలోపల నెత్తురు పేరుకొనుచునే యుండును. గంటయో, ఆరు గంటలో గడచిన పిమ్మట తలనొప్పి, వాంతి, మత్తు, గుర్రు, మరణము.

ఈ నడిమి తెలివిని విడదీసి చెప్పినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఝాన్ లూయీ పెతీ. ఆయన 1674లో పుట్టి 1750లో గతించెను. ఆయన చెప్పిన సూత్రము సులభమైనది. దెబ్బతోపాటు తప్పిన స్పృహ మెదడు అదరుటవలన వచ్చినది. తెలివి వచ్చిన తరువాత మరల తప్పిన స్పృహ లోపల చేరిన నెత్తురు ఒత్తుటవలన వచ్చినది. మొదటిది తనంతట తగ్గవచ్చును. రెండవదానికి పుర్రె తెరచి నెత్తురు తీయవలెను. లండనులో పెర్సివాల్ పాట్ 1760లో తలగాయములపై గ్రంథము ప్రకటించి, లోపలి ఒత్తిడిని తీయుటకు పుర్రె తెరవవలెనని బోధించెను. తరువాతి శతాబ్దమున జోనాథన్ హచిన్సన్ అను లండను వైద్యుడు, నెత్తురు చేరిన వైపు కంటిపాప పెద్దదై వెలుగునకు ముడుచుకొనకుండుటను గుర్తుగా చూపెను. నేటికిని వైద్యులు మొదట కంటిలో దీపము వేసి చూచుట ఇందుకే.

నేడు దీనికి చికిత్స స్పష్టము. గడ్డ పెద్దదైన ఆలస్యము చేయక పుర్రెపలకను తెరచి, గడ్డను తీసివేసి, తెగిన ధమనిని మూసివేయుదురు. మెదడు తాను దెబ్బతినక ముందే చేసిన, మనిషి మునుపటివలెనే లేచి తిరుగును. చిన్నదైన, స్పృహ చక్కగానున్న, వైద్యశాలలోనే ఉంచి కాచియుందురు. సులభమైన చికిత్స గల వ్యాధి; కాని వేళ దాటిన చికిత్స లేదు. 2009వ సంవత్సరము మార్చి 16వ తేదీన ఇంగ్లండు నటీమణి నటాషా రిచర్డ్‌సన్ కెనడా దేశమున మంచుమీద జారుట నేర్చుకొనుచు పడినది. లేచి నవ్వి, వచ్చిన వైద్యవాహనమును అక్కర లేదని పంపివేసినది. రెండు దినములకు మరణించినది. తలలో వరాశికకు పైని నెత్తురే కారణమని పరీక్షలో తేలినది. ధనమునకు, వైద్యమునకు కొదువలేనివారికి సైతము ఆ నడిమి తెలివి మోసము చేసినది.

రెండవది వరాశికకు క్రింది నెత్తురు. 1559వ సంవత్సరము జూన్ 30వ తేదీన, అనగా మన తళ్ళికోట యుద్ధమునకు ఆరేండ్లు ముందు, ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ తన కూతురి వివాహోత్సవమున గుఱ్ఱమెక్కి ఈటెలాట ఆడుచుండగా, ఎదుటివాని ఈటె విరిగి దాని పేళ్ళు కుడికంటిపైన గ్రుచ్చుకొన్నవి. ఐరోపాలో మేటివైద్యులైన అంబ్రాజ్ పారే, వెసేలియసు ఇద్దరును అచ్చట చేరిరి. రాజు జూలై 10వ తేదీన మరణించెను. తల తెరచి చూడగా పుర్రెలోనికి గాయము పోలేదు. దెబ్బ తగిలిన ముందరి వైపున కాక, తల వెనుకవైపున పొరలనడుమ నెత్తురు చేరియుండెను. పైకి కనబడు గాయమే ప్రాణము తీయునది కాదని ఆ రాజమరణము లోకమునకు నేర్పినది. మెదడు లోపల ఊగినపుడు, దానినుండి వరాశికకు పోవు సన్నని సిరలు తెగి ఇట్లు జరుగును.

పెద్ద దెబ్బతో వెంటనే వచ్చు ఈ రకము మిక్కిలి క్రూరమైనది. మెదడు కూడ దానితోపాటే గాయపడియుండును. అమెరికాలోని రిచ్‌మండు వైద్యులు 1981లో 82 మంది రోగుల లెక్క ప్రకటించిరి. నాలుగు గంటలలోపల శస్త్రచికిత్స జరిగినవారిలో నూటికి 30 మంది మరణించిరి. అంతకన్న ఆలస్యమైనవారిలో నూటికి 90 మంది. తరువాతి పరిశీలనలన్నిటిలోను ఇంత భేదము కనబడలేదు. కాని గంటలు లెక్కపెట్టి రోగిని పంపవలెనను బుద్ధి అప్పటినుండి బలపడినది.

దీనిలోనే మెల్లగా వచ్చు మరియొక రకము కలదు. అది మన వయసువారిది. మెదడు వయసుతో కొంచెము కుంచించుకొనును. సిరలు సాగి బిగువుగా నుండును. గడప తగిలి తూలినను, ద్వారబంధము తలకు తగిలినను చాలును. ఆ దెబ్బ ఎవరికిని గుర్తుండదు. నెత్తురు వారములతరబడి ఊరుచుండును. జర్మనీలో విర్షో పండితుడు 1857లో దీనిని దెబ్బకాదు, పొరకు వచ్చిన వాపురోగమనెను. అంత పెద్దవాని మాట గనుక లోకము అర్ధశతాబ్దము నమ్మినది. 1914లో లండనునందు విల్ఫ్రెడ్ ట్రాటర్, ఇది మరచిపోయిన చిన్న దెబ్బ ఫలమే, తెగిన సిరల నెత్తురే యని వాదించి నిలబెట్టెను. రోగమని విడిచిపెట్టినది గాయమని తేలగా, చికిత్సకు దారి దొరికినది.

2011లో మా మేనమామగారికి ఎనుబదేండ్లు. పంచాంగము చేతబట్టకుండ ప్రొద్దు గడపనివారు, ఒకనాడు తిథి మరచిరి. మరియొకనాడు నా పేరు మరచిరి. ఎడమకాలు ఈడ్చుచు నడువసాగిరి. "వయసు మీరినది, చాదస్తము" అని ఇంటివారందరును సరిపెట్టుకొనిరి. నేనొక్కడనే పట్టుపట్టితిని, చింతచెట్టు నన్ను ఊరకుండనీయలేదు. పట్టణమున తలకు చిత్రము తీయించితిమి. కుడివైపున పొరక్రింద నల్లని నెత్తురు. నెలన్నర క్రిందట ఆవుల కొట్టములో దూలము తగిలినదని అప్పుడు అత్తయ్యగారు జ్ఞప్తికి తెచ్చుకొనిరి. పుర్రెకు రెండు చిన్న రంధ్రములు చేసి నీరైన ఆ నెత్తురును కడిగి తీసిరి. మూడవనాడు ఆయన "ఈవేళ ఏకాదశి, నాకెందుకు అన్నము పెట్టినారు?" అని గద్దించిరి. నిజముగనే ఆనాడు ఏకాదశి.

ఈ చికిత్సలో సైతము మానవుడు నేర్చుకొనుచునే యున్నాడు. రంధ్రము చేసిన తరువాత రెండు దినములు సన్నని గొట్టముంచి మిగిలినదానిని బయటికి పోనిచ్చిన మేలని ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వైద్యులు 2009లో చూపిరి. గొట్టములేనివారిలో నూటికి 24 మందికి మరల నెత్తురు చేరగా, గొట్టమున్నవారిలో 9 మందికే చేరినది. 2024లో వెలువడిన పరిశోధనలు, వరాశికకు నెత్తురు పోయు ఆ ధమనినే లోపలినుండి మూసిన కొందరికి మరల శస్త్రచికిత్స అక్కర తగ్గునని చెప్పుచున్నవి. పడుచువానికి తెగి ప్రాణము తీయు ధమనియే, ముసలివానికి మూసిన మేలు చేయుచున్నది.

మూడవది లౌతికళకు క్రింది నెత్తురు. దెబ్బవలన కూడ ఇది రావచ్చును. దెబ్బ లేక వచ్చునది తరచుగా మెదడు అడుగునగల ధమని చీలికవద్ద పుట్టిన చిన్న బుడగ పగులుటచేత వచ్చును. దాని గుర్తు తలనొప్పి. సామాన్యమైన తలనొప్పి కాదు. పిడుగు పడినట్లు క్షణములో శిఖరమునకు పోవునది, పుట్టి బుద్ధెరిగిన తరువాత అట్టిది ఎరుగమని రోగి చెప్పునది. మెడ బిగియును, వాంతి యగును, కొందరు కూలిపోవుదురు. దీనికి తలనొప్పి బిళ్ళ వేసి పడుకొనుట ప్రమాదము.

1891లో జర్మనీ వైద్యుడు క్వింకే వెన్నునుండి ద్రవము తీయు పద్ధతి కనిపెట్టిన తరువాత, బ్రతికియుండగనే దీనిని గుర్తించుట సాధ్యమైనది. ద్రవము ఎఱ్ఱగా వచ్చును. 1927లో పోర్చుగలునందు ఎగాస్ మోనీజ్, ధమనులలోనికి మందు పంపి ఎక్సురే పటము తీసి, అవి పారు దారిని చూపెను. 1931లో ఎడింబరోలో నార్మన్ డాట్ పగిలిన బుడగచుట్టు రోగి కండనే చుట్టి నెత్తురాపెను. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ బుడగ మెడకు చిన్న వెండి బిగింపు పెట్టెను. 1990లో గుగ్లియెల్మీ యను వైద్యుడు, తల తెరువకయే, తొడ ధమనినుండి సన్నని తీగను పంపి బుడగను లోపలినుండి చుట్టలతో నింపు విధానమును రోగులయందు మొదలుపెట్టెను. ఈ రెంటిలో ఏది మేలని 2143 మందిపై చేసిన పరీక్ష 2002లో వెలువడినది. రెండు విధానములకును తగిన రోగులలో, ఏడాదికి మరణించినవారును పరాధీనులైనవారును బిగింపుతో నూటికి 31 మంది, చుట్టలతో 24 మంది. ఈనాటికిని బుడగ ఆకారమునుబట్టి, చోటునుబట్టి వైద్యులు నిర్ణయింతురు. బుడగ రెండవసారి పగులుట మొదటి దినములలోనే ఎక్కువ గనుక ఇచ్చటను వేళయే ప్రాణము.

నాలుగవది మెదడు కండలోపలి నెత్తురు. మన పల్లెలలో పక్షవాతమని పిలుచుదానిలో ఒక భాగము ఇదియే. తక్కిన భాగము ధమని మూసికొనుటచేత వచ్చునది. రెంటికిని చికిత్స వేరు. ఒకదానికి మేలుచేయు మందు మరియొకదానికి విషము. చిత్రము తీయక మందు వేయరాదనుట ఇందుకే. పూర్వము ఐరోపాలో పక్షవాతము శ్లేష్మము అడ్డుపడుటచేత వచ్చునని నమ్మెడివారు. స్విట్జర్లండున వెప్ఫర్ అను వైద్యుడు మరణించినవారి తలలు పరీక్షించి, లోపల నెత్తురు చూచి, 1658లో గ్రంథము ప్రకటించెను. దీనికి ముఖ్య కారణము రక్తపు పోటు. ఆ పోటును చేతిపట్టీతో కొలుచు సాధనమును ఇటలీలో రీవా రోచ్చి 1896లో తయారుచేసెను.

కొలుచుట వచ్చినను తగ్గించుట రాలేదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టుకు 1944 మార్చిలో రక్తపు పోటు 186 మీద 108. నాటి వైద్యులు ఉప్పు తగ్గింపుమనిరి, విశ్రాంతి తీసికొమ్మనిరి. గట్టి మందు వారి చేతిలో లేదు. 1945 ఏప్రిల్ 12వ తేదీన చిత్రకారిణి యెదుట కూర్చుండియుండగా ఆయనకు భయంకరమైన తలనొప్పి వచ్చినది. అప్పుడు పోటు 300 మీద 190. కొన్ని గంటలలో మరణించెను. మహాయుద్ధమును నడపినవానికి దొరకని మందు నేడు మన ఊరి ఆరోగ్యకేంద్రమున దొరకుచున్నది. ఆయన పోయిన నాలుగేండ్లకు, 1949లో, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధి వేరు రక్తపు పోటును తగ్గించునని ఇంగ్లండు పత్రికలో ప్రకటించి, లోకపు దృష్టిని ఈ దేశమువైపు త్రిప్పెను. ఆ వేరును ఇంటిలో నూరి త్రాగుడని కాదు. నేడు అంతకన్న క్షేమమైన మందులున్నవి. వానిని మానకుండుటయే మన పని. "ఇప్పుడు బాగుగానే యున్నది గదా" అని మాత్రలు మానివేసినవారే తరచు ఈ రోగమున పడుచున్నారు.

ఇట్టి నెత్తురును శస్త్రముతో తీసిన మేలా యను ప్రశ్నకు 1033 మందిపై చేసిన పరీక్ష 2005లో వెలువడినది. అందరికిని తొందరగా శస్త్రచికిత్స చేసినంత మాత్రమున మొత్తముమీద లాభము కనబడలేదు. అందుచేత చిన్న మెదడులో పెద్ద గడ్డ చేరినపుడును, మరికొన్ని ప్రత్యేక స్థితులలోను మాత్రమే తెరచుదురు. 2024లో, పైభాగమున చేరినదానిని సన్నని గొట్టముతో తొందరగా తీసిన మేలని ఒక పరిశోధన చూపినది. తక్కినవారికి పోటును త్వరగా 140 ప్రాంతమునకు దించుట, జ్వరమును చక్కెరను అదుపుచేయుట, నెత్తురు పలుచన చేయు మందులకు విరుగుడిచ్చుట ముఖ్యము.

ఈ నాలుగింటిని బ్రతికియున్నవాని తలలో వేరుచేసి చూచుట ఎప్పుడు సాధ్యమైనది? 1895లో వచ్చిన ఎక్సురే ఎముకను చూపినదిగాని నెత్తురును చూపలేదు. వైద్యులు ఊహించి, అనుమానమున్నచోట రంధ్రము చేసి చూచెడివారు. ఒకచోట లేకపోయిన మరియొకచోట. 1971 అక్టోబరు 1వ తేదీన లండను దాపున వింబుల్డన్‌లోని ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి తలకు పొరలుపొరలుగా చిత్రము తీసిరి. ఆ యంత్రమును కనిపెట్టిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు వైద్యుడు కాడు. మన ఇండ్లలో కుక్కబొమ్మ గ్రామఫోను పలకలమ్మిన కంపెనీలో ఇంజనీరు. 1979లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. దానినే నేడు సిటీ స్కాను అనుచున్నాము. మన దక్షిణదేశమున మెదడు శస్త్రచికిత్సకు వెల్లూరులో జేకబ్ చాందీ 1949లోను, మద్రాసులో బి. రామమూర్తి 1950లోను పునాది వేసిరి. అప్పటికి మన సర్కారు, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివే.

యంత్రములు వచ్చినవి, నిపుణులు వచ్చిరి. అయినను రోగి వారియొద్దకు చేరుట మన చేతిలోనే యున్నది. గ్లాస్గో నగరపు వైద్యులు 1974లో స్పృహను కొలుచు పద్ధతి ఏర్పరచిరి. మరుసటి సంవత్సరము ఆ నగరపువారే, తలకు దెబ్బతగిలి మాటలాడి, తరువాత మరణించినవారిని గూర్చి ప్రత్యేకముగా వ్రాసిరి. మాటలాడినవాని మెదడు దెబ్బతోనే నశించియుండలేదు. తరువాత జరిగినదానిచేత నశించినది. అనగా కాపాడుటకు వీలున్నవాడు. ఆ వాక్యార్థము చదివిననాడు నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని.

కాబట్టి పెద్దలారా, నా మనవి ఇది. తలకు దెబ్బ తగిలి క్షణమైనను స్పృహ తప్పినవానిని, లేచి మాటలాడినంత మాత్రమున ఇంటికి పంపకుడు. తలనొప్పి పెరిగినను, వాంతులైనను, మత్తుగానున్నను, ఒక కంటిపాప పెద్దదైనను, ఒక చేయి కాలు పట్టుతప్పినను, ఈడ్పు వచ్చినను, ముక్కునుండి చెవినుండి నీరో నెత్తురో కారినను, నెత్తురు పలుచన చేయు మందులు వాడువారైనను, 108కి పిలువుడు. ఆ వాహనము 2005 ఆగస్టు 15 మొదలు మన రాష్ట్రమున తిరుగుచున్నది. వచ్చులోగా మెడ వంచకుడు. వాంతి వచ్చిన ఒడలంతయు ఒక్కటిగా ప్రక్కకు త్రిప్పుడు. స్పృహ సరిగాలేనివాని నోట నీరు పోయకుడు. దెబ్బ తగిలిన వేళ కాగితముమీద వ్రాసి పంపుడు. రక్తస్రావము తగ్గించు ట్రానెక్సామిక్ ఆమ్లమను మందు, మూడు గంటలలోపల ఇచ్చిన కొందరికి మేలుచేయునని 2019 పరిశోధన చెప్పినది. ఆ వేళ మీరు వ్రాసిన కాగితమే వైద్యునకు చెప్పును. ఇంటి ముసలివారు కొద్ది వారములలో మతిమరుపు, తూలుపాటు చూపిన చాదస్తమని కొట్టివేయకుడు. మోటారు సైకిలెక్కు కుఱ్ఱవానికి తలకవచము పెట్టించుడు.

అనుమానముతో పంపిన పదిమందిలో తొమ్మిదిమంది ఏమియు లేదని తిరిగివచ్చి మనలను నవ్వవచ్చును. ఆ నవ్వు మనము పడవచ్చును. ఆ తల్లి అనని మాట మాత్రము ఎవరును పడరాదు.

ఇక సెలవు.